అమ్మమ్మ పైట పిన్ను మీద పువ్వు, పువ్వులో గుండె, గుండెలో సిలువ. ఇది ఏం గుర్తు?

గుంటూరు_టీచరమ్మ:

అందరికీ నమస్కారం. ఒక పాత నగ గురించి అడగాలి. పోస్టు కొంచెం పెద్దది, ఏమనుకోకండి.

మా అమ్మమ్మ గుంటూరులో మిషన్ ఆసుపత్రి నర్సు. 1938లో ఆవిడ పెళ్లికి, తనతో పనిచేసిన అమెరికా మిస్సమ్మగారు ఒక పైట పిన్ను కానుకగా ఇచ్చారు. అప్పట్లో మన క్రైస్తవ టీచర్లు, నర్సులు తెల్లచీర కట్టి, భుజం మీద పైట మడతలన్నీ కలిపి బ్రూచి పెట్టుకునేవాళ్లు. పాత ఫోటోల్లో మీరూ చూసే ఉంటారు. అమ్మమ్మది బంగారు బ్రూచి. పాత పావలా బిళ్ల కంటే కాస్త పెద్దది, గుండ్రంగా, చుట్టూ సన్నటి అంచుతో ఉంటుంది. లోపల ఐదు రేకుల పువ్వు. పువ్వు నడుమ గుండె ఆకారం. ఆ గుండె లోపల చిన్న సిలువ. వెనక సూది విరిగిపోతే తాతయ్య పైన ఒక కొక్కెం పెట్టించి గొలుసులో బిళ్లగా వేయించారు. అప్పటి నుంచి అమ్మమ్మ మెడలో అది లేని రోజు లేదు. ఆవిడ 1994లో పోయాక అమ్మ వేసుకుంది. అమ్మ కూడా నిరుడు వెళ్లిపోయింది.

వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. తాళిబొట్టు పక్కన ఈ బిళ్ల వేయాలని అమ్మ ఎప్పుడూ అనేది. సరే, కొక్కెం అరిగిపోయింది కదా, మార్పిద్దామని ఒక షాపుకి తీసుకెళ్లాను. ఆ అబ్బాయి గీటురాయి మీద గీసి చూసి, "మేడమ్, ఇది నాసిరకం బంగారం. రంగే రావడం లేదు. కరిగించేద్దాం, ఇంకో రెండు గ్రాములు కలిపితే మంచి సిలువ బిళ్ల వస్తుంది, లేటెస్ట్ డిజైన్లున్నాయి" అన్నాడు. నా చేతిలోంచి తీసుకుని పక్కన తుక్కు బంగారం పెట్టే గిన్నెలో వేయబోయాడు. నాకు గుండె ఆగినంత పనైంది. లాక్కుని వచ్చేశాను.

ఇంట్లో ఇంకో టెన్షన్. మా పెద్దమామయ్య దాన్ని చూసి, "ఇది తామరపువ్వమ్మా, మన గుర్తు కాదు. పెళ్లిలో పాస్టరు అయ్యగారు చూస్తే ఏమనుకుంటారు? సిలువ ఒక్కటీ ఉన్న బిళ్ల చేయించు" అన్నారు. ఆయన మాట తీసెయ్యలేను, అమ్మమ్మ నగ కరిగించలేను. ఈలోపు మా అమ్మాయి ఫోన్లో, "అమ్మా, వేసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇదేంటని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అంది. నా దగ్గర జవాబు లేదు. అరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా అమ్మమ్మని అడగలేదు.

ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పువ్వు ఎందుకు? గుండె ఎందుకు?

గుణదల_వాసి:

అమ్మా, మాది విజయవాడ, కతోలికులం. గుండె, సిలువ అనగానే నాకు తట్టింది యేసు తిరుహృదయం. 1670లలో ఫ్రాన్సులో మార్గరెట్ మేరీ అనే సన్యాసినికి కలిగిన దర్శనాల తర్వాత ఈ భక్తి బాగా వ్యాపించింది. మా ఇళ్లల్లో ఆ పటం లేని గోడ ఉండదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. మా అమ్మ మెడలో ఉండే మరియమాత పతకం వెనక వైపు రెండు గుండెలుంటాయి. ఒకదాని చుట్టూ ముళ్లకిరీటం, రెండోదాన్ని కత్తి గుచ్చుతూ ఉంటుంది. వాటిపైన ఎమ్ అక్షరం, దానిమీద సిలువ, చుట్టూ పన్నెండు నక్షత్రాలు. పారిస్‌లో 1830లో కాథరిన్ లబూరే అనే సిస్టర్‌కి మరియమాత కనబడి అలాంటి పతకం చేయించమందని చెబుతారు. మొదటి పతకాలు 1832లో తయారుచేశారు. గుణదల తిరునాళ్లలో ఇప్పటికీ గంపలకొద్దీ అమ్ముతారు.

మీ బిళ్ల మీద గుండెకి ముళ్లు గానీ, పైన మంట గానీ ఉన్నాయా? సిలువ గుండె పైన నిలబడి ఉందా, గుండె లోపలుందా? అదొక్కటి సరిగ్గా చూసి చెప్పండి.

గుంటూరు_టీచరమ్మ:

వెంటనే జవాబిచ్చారు, చాలా సంతోషం బాబూ. ముళ్లు లేవు, మంట లేదు. సిలువ గుండె లోపలే ఉంది. అదీ పైకి ఉబ్బెత్తుగా లేదు, లోపలికి గుంటలా చెక్కినట్టుంది. నక్షత్రాలు లేవు. రేకుకీ రేకుకీ మధ్య నుంచి చిన్న ముల్లులాంటిది బయటికి పొడుచుకొచ్చి ఉంది, అలాంటివి ఐదు. మేం లూథరన్లం, ఆ మిస్సమ్మగారూ లూథరన్ మిషనే. ఇది చెబితే ఏమైనా ఉపయోగం ఉంటుందేమో.

నూరెంబెర్గ్_తెలుగబ్బాయి:

మేడమ్, ఆ చివరి ముక్క ముందే చెప్పి ఉంటే మీకు ఈ రెండు రోజుల బెంగ తప్పేది. మీ దగ్గరున్నది లూథర్ గులాబీ. మీ లూథరన్ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ సొంత ముద్ర. తామర కానే కాదు. రేకుల మధ్య మీరు ముళ్లనుకుంటున్నవి ముళ్లు కావు, పువ్వు కింద ఉండే ఆకుపచ్చ రక్షకపత్రాల కొసలు. యూరప్‌లో ముద్రల మీద గులాబీని ఎప్పుడూ అలాగే గీస్తారు: ఐదు రేకులు, మధ్యలోంచి ఐదు ఆకు కొసలు. తామరకి అలా రావు. మీ మామయ్యగారికి ఆ కొసలు వేలుపెట్టి చూపించండి.

నేను ఉద్యోగం చేసేది జర్మనీలోని నూరెంబెర్గ్‌లో. ఈ ముద్ర కథలో సగం ఈ ఊరిదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

1530లో ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ముందు లూథరన్లు తమ విశ్వాసాన్ని చదివి వినిపించారు. లూథర్ అక్కడికి వెళ్లడానికి లేదు, ఆయన మీద బహిష్కారం ఉంది. కనబడితే పట్టుకోవచ్చు. అందుకని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆయన్ని కోబుర్గ్ కోటలో ఉంచారు. ఆ కోట మాకు రైల్లో దగ్గరే. పోయిన వేసవిలో వెళ్లి ఆయన ఉన్న గది చూసొచ్చాను. అక్కడ ఉన్న రోజుల్లోనే, జూన్ మొదట్లో, ఆయనకి తండ్రి పోయిన కబురు అందింది. ఒంటరిగా కోటలో, ఒంట్లో బాగోక, తండ్రి లేడన్న దిగులుతో ఉన్న మనిషి నెల తిరిగేసరికి, జులై 8న, నూరెంబెర్గ్ నగర కార్యదర్శి లాజరస్ స్పెంగ్లర్‌కి ఒక ఉత్తరం రాశాడు. ముద్ర సరిగ్గా వచ్చిందా అని స్పెంగ్లర్ అడిగాడు. దానికి జవాబుగా లూథర్ తన ముద్ర అర్థమంతా రంగు రంగుకీ విడమర్చి చెప్పాడు. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. నా మాటల్లో చెబుతాను.

మొదట నల్లటి సిలువ. అది గుండెలో ఉంది. గుండె మాత్రం దాని సహజమైన ఎరుపులోనే ఉంది. సిలువ నొప్పి పెడుతుంది, అందుకే నలుపు. కానీ గుండె రంగు మార్చదు, అంటే మనిషిని చంపదు, బతికిస్తుంది. హృదయంతో నమ్మినవాడు నీతిమంతుడవుతాడన్న పౌలు మాటే దీనికి ఆధారం. ఆ గుండె తెల్ల గులాబీ మధ్యలో ఉంది, విశ్వాసం సంతోషాన్నీ ఓదార్పునీ శాంతినీ ఇస్తుందని. గులాబీ ఎరుపు కాకుండా తెలుపు ఎందుకంటే అది దేవదూతల రంగు, లోకం ఇచ్చే సంతోషం కాదిది. ఆ పువ్వు వెనక ఆకాశనీలం, ఇప్పటి సంతోషం రాబోయే పరలోక సంతోషానికి మొదలు కాబట్టి. చుట్టూ బంగారు వలయం. ఆ సంతోషానికి అంతం లేదు, లోహాలన్నిటిలోకీ బంగారం ఎలా విలువైందో అదీ అలాగే.

మీ బిళ్ల చుట్టూ ఉన్న సన్నటి అంచు అలంకారానికి పెట్టింది కాదు మేడమ్. ఆ వలయం అదే.

1524 నాటికే ఈ గులాబీని ఆయన తన పుస్తకాల మీద వేయించేవాడు. ఆయన రాతల్ని ఎవరు పడితే వాళ్లు తప్పులతడకగా అచ్చేసి అమ్ముకుంటుంటే, ఈ గులాబీ, పక్కన గొర్రెపిల్ల బొమ్మ ఉంటేనే నేను చూసి పంపిన పుస్తకం అన్నట్టు. మనం వస్తువు మీద ఐఎస్ఐ మార్కు చూసుకుంటాం కదా, అలాగ.

ఇక గుంటూరు సంగతి మీకు నేను చెప్పాలా? 1842లో హయ్యర్ దొరగారు పెన్సిల్వేనియా లూథరన్ల తరఫున అక్కడికి వచ్చారు. ఆ తర్వాత డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి ఆడవాళ్లకి వైద్యం మొదలుపెట్టారు. ఆ వరసలో వచ్చిన ఒక మిస్సమ్మ తన దగ్గర పనిచేసిన పిల్లకి పెళ్లి కానుకగా లూథర్ గులాబీ ఇచ్చారంటే, ఏదో దొరికింది ఇచ్చేశారని నేననుకోను.

ఒక్క పని చేయండి. లూథర్ చెప్పిన రంగులు మీ బిళ్ల మీద ఒకప్పుడు ఉండే ఉంటాయి, ఎనామిల్‌తో. భూతద్దం పెట్టి మూలల్లో చూడండి. పువ్వుకీ అంచుకీ మధ్య ఖాళీలో నీలం, సిలువ గాడిలో నలుపు.

గుంటూరు_టీచరమ్మ:

బాబూ, ఇది రాస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి.

మీ పోస్టు పొద్దున్నే చదివాను. మా వారి స్టాంపుల భూతద్దం తీసుకుని వరండాలో ఎండలో కూర్చున్నాను. మొదట ఏమీ కనబడలేదు, అంతా బంగారమే. ఇన్నేళ్లూ ప్రతి క్రిస్మస్‌కీ అమ్మ నగలన్నీ కుంకుడు రసంలో నానేసి టూత్‌బ్రష్‌తో తోమేది. ఇంకేం మిగులుతుందిలే అనుకున్నాను. తర్వాత బిళ్లని అటూ ఇటూ వంచి చూస్తే, పైన కొక్కెం అతికిన చోట, టంకం కిందికి, రెండు రేకుల మధ్య సందులో నువ్వుగింజలో సగమంత నీలం. గాజులాగా మెరిసింది. ఎండ పడ్డప్పుడే మెరుస్తోంది, నీడలోకి తెస్తే మురికి మరకలాగే ఉంది. అమ్మ బ్రష్షు అందని ఒకే ఒక్క చోటు అది.

సిలువ గాడి నేనెప్పుడూ మట్టి పేరుకుని నల్లబడిందనుకున్నాను. భూతద్దంలో చూస్తే అడ్డగీత ఎడమ కొసన నలుపు నున్నగా, గట్టిగా ఉంది. పిన్నీసు మొనతో మెల్లగా తాకాను, రాలేదు. మిగతా సిలువంతా ఖాళీ గాడి. గుండె మీద మాత్రం ఏ రంగూ లేదు, బాగా అరిగి నున్నబడింది. అది ఎలా అరిగిందో నాకు తెలుసు. అమ్మమ్మ ప్రార్థన చేసేటప్పుడు బిళ్లని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని గుండె మీద వేలు రాస్తూ ఉండేది. అమ్మా అంతే.

వెనక చూస్తే, సూది విరిగిన మోడు పక్కన చిన్న అక్షరాలు. 14, దాని పక్కన ఇంగ్లీషు కె.

తెనాలి_కంసాలి:

అమ్మగారూ, ఇది మా పని కాబట్టి నన్ను మాట్లాడనివ్వండి. మూడు తరాలుగా కొలిమి ముందు కూర్చున్న ఇల్లు మాది.

ముందు ఆ నాసిరకం మాట. అది 14 క్యారెట్ల బంగారం. అంటే వందలో 58 పాళ్ల పైచిలుకు మేలిమి, మిగతాది వెండి, రాగి లాంటివి. మన నగలు 22 క్యారెట్లు, 91.6 పాళ్లు. గీటురాయి మీద రెండూ పక్కపక్కన గీస్తే మీది వెలవెలబోతుంది, నిజమే. కానీ అది మోసం కాదు, తక్కువ పని కాదు. అమెరికాలో నగలు ఎక్కువగా 14లోనే చేస్తారు, చేసింది వెనక ముద్ర కొట్టి చెబుతారు. పైగా పైట పిన్నుకి అదే సరైంది. 22లో సూది చేస్తే నాలుగు రోజులకి వంగిపోతుంది. ఆ షాపులో కుర్రాడు వెనక తిప్పి ముద్ర చూసుంటే ఆ మాట అనేవాడు కాదు. అలా తిప్పి చూడకుండా గిన్నెలో వేసిన నగలు ఎన్నో. ఒకసారి మూసలోకి వెళ్లాక అది ఎవరిదో, ఏ కాలందో మాకూ తెలీదు.

ఆ నీలం, నలుపు మేం మీనా అంటాం. గాజుపొడి రంగు కలిపి గాడిలో నింపి నిప్పు మీద కరిగిస్తారు. అది గాజే, అందుకే ఎండలో మెరిసింది. ఎండలో చూడాలన్న ఆలోచన మీకు రావడమే అదృష్టం.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కొక్కెం మార్చడానికి మామూలుగా టంకం పెడితే ఆ వేడికి మిగిలిన ఆ నలుసంత మీనా పగిలి ఊడిపోతుంది. మీ తాతయ్యగారు కొక్కెం పెట్టించిన రోజే చాలా భాగం పోయి ఉంటుందని నా అనుమానం. బ్రష్షు మీద, పాపం మీ అమ్మగారి మీద నింద వేయకండి. పాలిష్ అంటూ యాసిడ్‌లో ముంచే వాళ్లకి అసలు ఇవ్వకండి. లేజర్ మిషన్ ఉన్న చోట చేయించండి. అది ఒక్క చుక్క మేర మాత్రమే వేడి చేస్తుంది. నేనైతే పాత కొక్కేన్ని అసలు కదపను, దానికి చిన్న వలయం చుట్టి, ఆ వలయానికి గొలుసు తగిలిస్తాను. వేడే అక్కర్లేదు.

కొత్త మీనా వేయించాలా అని అడుగుతారేమో. వేయొచ్చు. నేనైతే వద్దంటాను. కొత్త మీనా కాల్చాలంటే బిళ్లంతా కొలిమిలోకి వెళ్లాలి, పాతది పోతుంది.

కొట్టాయం_నర్సు:

టీచరమ్మగారూ, మాది ఒంగోలు, బాప్టిస్టులం. పన్నెండేళ్లుగా కొట్టాయంలో ఉద్యోగం. మీ మామయ్యగారు పువ్వు ఉంటే మన గుర్తు కాదన్నారు కదా, ఆ ఒక్క మాట కోసం రాస్తున్నాను.

ఇక్కడ వలియపళ్లి అనే పాత గుళ్లో రాతి సిలువలున్నాయి, పహ్లవీ అనే పాత పర్షియా లిపిలో అక్షరాలు చుట్టూ చెక్కి ఉంటాయి. అలాంటిదే చెన్నై సెయింట్ థామస్ కొండ మీద కూడా ఉంది. 1547లో పోర్చుగీసువాళ్లు గుడి కట్టడానికి తవ్వుతుంటే బయటపడింది. ఈ సిలువలు నిలబడింది దేని మీదో తెలుసా? రేకుల మీద. తామర రేకులనే ఇక్కడివాళ్లు చెబుతారు. పైన పావురం దిగుతూ ఉంటుంది. యేసు శరీరం ఉండదు, ఖాళీ సిలువ. ఇవి లూథర్ పుట్టడానికి వందల ఏళ్ల ముందువి. కాబట్టి మీది గులాబీ కాక తామరే అయ్యుంటే మాత్రం తప్పేముంది?

ఇక్కడి సిరియన్ క్రైస్తవుల తాళిని మిన్ను అంటారు. చిన్న ఆకులాంటి బంగారు బిళ్ల, దానిమీద సన్నటి బంగారు గుళ్లు, సాధారణంగా ఏడు, సిలువ ఆకారంలో అతికి ఉంటాయి. పెళ్లికొడుకు పెట్టే చీరని మంత్రకోడి అంటారు. ఆ చీరలోంచే ఏడు దారపు పోగులు లాగి పేని, ఆ దారానికే మిన్ను గుచ్చి కడతారు. తర్వాత గొలుసులోకి మారుస్తారు. మొదటిసారి నా తోటి నర్సు పెళ్లిలో దగ్గరగా చూశాను. గోరంత బిళ్ల. అంత చిన్నదాని మీద ఏడు గుళ్లు ఎలా నిలబెట్టారా అని ఆశ్చర్యపోయాను. మన పుస్తె లాంటి అలవాటునే వీళ్లు సిలువతో తమది చేసుకున్నారు. మన గుంటూరు, ఒంగోలు వైపు తాళిబొట్టు మీద సిలువ చెక్కించుకునేదీ అందుకే కదా.

నెల్లూరు_విశ్వాసి:

అందరికీ వందనాలు. ఎవరినీ నొప్పించాలని కాదు. మా సంఘంలో ఆడవాళ్లు బంగారం పెట్టరు, పెళ్లిలో తాళి కూడా కట్టం, వాగ్దానాలు చెప్పి బైబిలు చేతికిస్తాం. బంగారు నగలు, జడలల్లుకోవడం మీ అలంకారం కాకూడదని పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. నా ప్రశ్న ఒకటే. గుర్తు గుండెలో ఉండాలి గానీ, మెడలో ఎందుకు? మెడలో సిలువ వేసుకుని ఎలా పడితే అలా బతికేవాళ్లని చూసి చూసి అడుగుతున్నాను. సహోదరి మనసు కష్టపడితే క్షమించండి.

నూరెంబెర్గ్_తెలుగబ్బాయి:

బ్రదర్, మీ ప్రశ్న కొత్తది కాదు, తేలిక ప్రశ్నా కాదు. మా ఇంట్లోనే సగంమంది మీలా ఉంటారు.

క్రీస్తు శకం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే బోధకుడు ఉండేవాడు. నగల విషయంలో ఆయన మీకంటే కఠినం. చెవులు కుట్టించుకోవద్దన్నాడు. అయినా ఒక్క ఉంగరానికి ఒప్పుకున్నాడు, అందానికి కాదు, ఇంట్లో వస్తువులకి ముద్ర వేసి భద్రం చేసుకోవడానికి. ఆ రోజుల్లో తాళం బదులు ముద్రే. మరి ఆ ఉంగరం మీద ఏ బొమ్మ ఉండాలి? పావురం, చేప, గాలివాటున సాగే ఓడ, వీణలాంటి వాద్యం, లంగరు, వీటిలో ఏదైనా పెట్టుకోండన్నాడు. విగ్రహాలు వద్దు, శాంతిని కోరేవాళ్లకి కత్తీ విల్లూ వద్దు, మితంగా ఉండేవాళ్లకి మద్యపాత్ర వద్దు అన్నాడు. గమనించారా, ఆ పట్టికలో సిలువ లేదు. సిలువ అప్పటికింకా మనుషుల్ని చంపే కొయ్య. ఎదురుగా చూసినవాళ్లు దాన్ని నగగా ఎలా వేసుకుంటారు? నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తర్వాతే సిలువ బహిరంగంగా, గౌరవంగా నగల మీదికి వచ్చింది. మనం ఇప్పుడు షోకేసులో వందల డిజైన్లలో చూస్తున్నాం కాబట్టి దాని బరువు మనకి తెలియడం లేదు. ఆ మాట మీరన్నందుకు నేను మీతోనే ఉన్నాను.

లూథర్ సంగతి కూడా చెప్పనివ్వండి. అదే 1530 సెప్టెంబరులో సాక్సనీ యువరాజు యోహాన్ ఫ్రెడరిక్ కోబుర్గ్ కోటకి వచ్చి, ఈ గులాబీ ముద్ర చెక్కిన బంగారు ఉంగరం ఆయనకి బహూకరించాడు. గనుల్లో పనిచేసిన వాడి కొడుకు ఆయన. ఉంగరం వదులై వేలి నుంచి జారి కింద పడిపోయిందట. నేను బంగారం తొడుక్కోవడానికి పుట్టినవాణ్ని కాదని దీంతో తెలిసిపోయిందని ఆయనే మర్నాడు స్నేహితుడు మెలాంక్థన్‌కి రాశాడు. ఆ ఉంగరం ఇప్పుడు డ్రెస్డెన్ మ్యూజియంలో ఉందని చెబుతారు.

అలాంటి మనిషి తన ముద్రలో చివరికి బంగారు వలయం ఎందుకు పెట్టాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచింది ఒకటే. ఆయన బంగారాన్ని పోలికగా వాడుకున్నాడు, ఆస్తిగా కాదు. టీచరమ్మగారి బిళ్ల కూడా నాకు అలాగే కనబడుతోంది. నాలుగైదు గ్రాముల 14 క్యారెట్ల బంగారం చూపించుకుని మురిసిపోవడానికి ఎవరూ వేసుకోరు బ్రదర్.

గుంటూరు_టీచరమ్మ:

నెల్లూరు తమ్ముడూ, నాకేం కష్టం లేదు. మీరడిగింది మా అమ్మమ్మ కూడా ఒప్పుకునేది. ఆవిడ ఒంటి మీద ఈ బిళ్ల, తాళి తప్ప మూడో నగ నేను చూడలేదు. గాజులు కూడా లేవు. వార్డులో రోగులకి గుచ్చుకుంటాయని తీసేసి, రిటైరయ్యాక కూడా మళ్లీ వేసుకోలేదు.

నిన్న సాయంత్రం మామయ్యని కూర్చోబెట్టి భూతద్దం ఇచ్చాను. నూరెంబెర్గ్ బాబు రాసింది మొత్తం చదివి వినిపించాను. ఆయన ఆకు కొసలు లెక్కపెట్టారు, ఐదూ ఉన్నాయి. సిలువలో నలుపు చూశారు. నల్ల సిలువ పెట్టినా గుండె ఎర్రగానే ఉంటుందన్న మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. చదివాను. ఆయన కొడుకు పోయి ఈ క్రిస్మస్‌కి నాలుగేళ్లు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. లేచి వెళ్తూ, "పెళ్లిలో దీని అర్థం నేను చెబుతాను, అయ్యగారిని అడిగి ఐదు నిమిషాలు ఇప్పించు" అన్నారు.

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని, "అయితే ఆ నీలం చుక్క అలాగే ఉంచమ్మా, ఎవరినీ ముట్టుకోనివ్వకు" అంది. కొత్త మీనా వద్దు.

తెనాలి బాబుగారూ, వలయం చుట్టే పని మీరే చేసిపెట్టాలి. నేను శనివారం పొద్దున పాసింజరుకి వస్తాను. మీ ముందే కూర్చుని చేయించుకుంటాను, ఏమనుకోవద్దు. ఇక దాన్ని ఎవరి చేతిలోనూ వదిలి రాలేను. షాపు ఎన్నింటికి తీస్తారు?

తెనాలి_కంసాలి:

తొమ్మిదింటికి తీస్తానమ్మా. మీ వారి భూతద్దం కూడా తీసుకురండి, నాది గీతలు పడింది. ఆ నీలం నేను కూడా చూడాలి.